పిల్లల భయం పోవాలంటె బడుల్లో పరీక్షలే తీసేయాల్నా? తల్లిదండ్రులు, సార్లు జర చెప్పున్రి

నల్లగొండ_నాన్న
మా బిడ్డ ఏడో తరగతి. ఈడనే నల్లగొండల ఒక ప్రైవేటు బడి, పేరు రాయను. ప్రతి సోమవారం పొద్దుగాల్నే ఒక పరీక్ష. నెలకొక యూనిట్ టెస్ట్ వేరే. నాలుగు ఎఫ్‌ఏలు (నడుమ నడుమ బడిలనే వేసే చిన్న మార్కులు), రెండు ఎస్‌ఏలు (పెద్ద పరీక్షలు) అందరికి ఉన్నయే. మొన్న కూసొని లెక్కబెట్టిన. జూన్ నుంచి ఇప్పటిదాక ఆమె పరీక్ష రాయని వారాలంటె దసరా సెలవులే.

మూడు నెలల సంది ఆదివారం పొద్దుగూకితె చాలు, కడుపునొప్పి. అన్నం ముట్టదు. గడియారం సెంటర్ కాడ డాక్టరుకు చూపిస్తె స్కానింగ్ తీసి ఏం లేదన్నడు. "సోమవారం బడిల ఏముంటది?" అని ఆయనే అడిగిండు. అప్పటిదాక నాకు ఆ ఆలోచనే రాలె.

నిన్న ఆమె లెక్కల నోటుబుక్కు తిరగేస్తుంటె ఆఖరు పేజీల చిన్న చిన్న అక్షరాలతోని ఒక లెక్క. తనకంటె వెనక ఎవరున్నరు, వాళ్లకు ఇంక ఎన్ని మార్కులొస్తె తను మూడో బెంచి నుంచి నాలుగో బెంచికి పోతది. వాళ్ల తరగతిల ర్యాంకు ప్రకారం కూసోబెడుతరట. సోమవారం రాస్తె గురువారం బెంచీలు మారుతయట. పన్నెండేండ్ల పిల్ల ఇది లెక్కబెట్టుకుంట పండుకుంటున్నది.

నేనడిగేది సూటిగ. పరీక్షలు తీసేసి నోటుబుక్కులు, ప్రాజెక్టులు, పిల్లలను మాట్లాడించుడు, వీటితోనే మార్కులెయ్యొద్దా? పది సంగతి తర్వాత. కనీసం ఎనిమిది దాకనన్న?

మిర్యాలగూడ_వెంకన్న
పరీక్ష తీసేస్తె ఎవ్వడు చదువుతడన్న? మా వోడు క్రికెట్ల ఎవరెన్ని రన్స్ కొట్టిన్రో నిద్రల లేపినా చెప్తడు. ఒక్క పద్యం నోటికి రాదు. పరీక్ష రేపనంగ మాత్రం పుస్తకం తీస్తడు. ఆ ఒక్క రోజు కూడ పోగొట్టుకోమంటవా?

హాలియా_అమ్మ
ర్యాంకును బట్టి బెంచీనా! మా దగ్గర బెంచీలు మారయి గని వాట్సాప్ గ్రూపుల లిస్టు పెడుతరు. 42 మంది పేర్లు, మార్కులు, ర్యాంకులు. ఆఖర్ల ఉన్నోల్ల పేర్లు ఎర్ర రంగుల. అది చూసి మా ఆడపడుచు ఫోన్ చేస్తది, వాళ్ల పిల్ల కూడ అదే తరగతి. నాకే గుండె దడ, ఇంక పిల్లగాడెట్లుంటడు.

మక్తల్_అన్న
@మిర్యాలగూడ_వెంకన్న పద్యంల "విశ్వదాభిరామ" కాడ కోహ్లి పేరు పెట్టి నేర్పియ్యి. మా తమ్మునికి అట్లనే నేర్పిన, నాలుగు రోజులల్ల పది పద్యాలొచ్చినయ్.

దేవరకొండ_టీచరమ్మ
19 ఏళ్లుగా ప్రభుత్వ బడిలో చెప్తున్న. నల్లగొండ నాన్నగారు అడిగింది చట్టంలో ఎప్పుడో రాసి ఉన్నది, అది ముందు చెప్పాలె.

2009 విద్యాహక్కు చట్టం, సెక్షన్ 30. ఎనిమిదో తరగతి అయ్యేదాక ఏ పిల్లా బోర్డు పరీక్ష పాస్ కానక్కర లేదు. సెక్షన్ 29 ఇంకా ముందుకు పోయింది. చదువు పిల్లను భయం నుంచి, ఆందోళన నుంచి విడిపించేటట్టు ఉండాలె, ఆ పిల్లకు ఎంత అర్థమైందో ఏడాది పొడుగునా గమనించుకుంట పోవాలె అన్నది. సెక్షన్ 17 అయితె కొట్టుడే కాదు, మానసికంగ వేధించుడు కూడ నిషేధం అంటది. మార్కులు తక్కువొచ్చినయని వెనక బెంచికి తోలుడు దీని కిందికి వస్తదనే నేనంట. 2019ల ఆ చట్టాన్ని సవరించి, 5లో, 8లో ఏడాది చివర పరీక్ష ఉండాలె, ఫెయిలైనోల్లను అదే తరగతిల ఆపాల్నా వద్దా అనేది రాష్ట్రాల ఇష్టం అన్నరు. ఫెయిలైతె రెండు నెలల్లోపల మళ్ల రాయనియ్యాలె. కాని ర్యాంకులు పెట్టమని గాని, బెంచీలు మార్చమని గాని ఎక్కడా లేదు.

ఇప్పుడు ఎఫ్‌ఏ సంగతి. ఒక్కొక్కటి 20 మార్కులు. భాగస్వామ్యం 5, రాత పని 5, ప్రాజెక్టు 5, స్లిప్ టెస్ట్ 5. ఆలోచన మంచిది. పిల్ల చెరువు కాడికి పోయి నీళ్లెట్ల పారుతున్నయో చూసొచ్చి తన మాటల్లో చెప్తె అది ప్రాజెక్టు. జరిగేది వేరు. జిరాక్స్ దుకాణంల ప్రాజెక్టు అమ్ముతరు. తెచ్చి అట్టేస్తరు. నేను సంతకం పెడుత. నా రిజిస్టర్ల అందరికి 18, 19. తక్కువేస్తె పదో తరగతి పిల్లలకు పక్క బడోళ్లతోని పోటీల అన్యాయమైతదని భయం. ఎక్కువేస్తె ఆ మార్కుకు విలువ లేదు. ఇది తప్పని నాకు తెలుసు. అయినా ఏటా చేస్తున్న.

పరీక్ష తీసేసి ఇదొక్కటే ఉంచితె ఏమైతదో నేను రోజూ చూస్తున్న.

పాలమూరు_బిడ్డ
టీచరమ్మ నిజం చెప్పిన్రు కాబట్టి నేను కూడ చెప్త. పరీక్ష తీసేయొద్దు. పదిల అయితె అస్సలు తీసేయొద్దు.

మాది కోస్గి దిక్కు పల్లె. అమ్మ, నాయిన ఏటా దసరా అయినంక మట్టి పనికి బొంబాయి దిక్కు పోయేటోల్లు, ఉగాదికి వచ్చేటోల్లు. నేను, చెల్లె అవ్వ కాడ. తొమ్మిదో తరగతిల రెండు నెలలు నన్ను కూడ తీస్కపోయిన్రు, చిన్నోన్ని చూసుకునేటందుకు. హాజరు పోయింది. చార్టులు, థర్మాకోల్ కొనమంటె అవ్వ కాడ పైసలేడియి? మా సారు మంచోడే, గని ఆయన కండ్ల ముందర ఎప్పుడుండేటోల్లు వేరే పిల్లలు. సర్పంచు మనవడు చేసిన గ్రహాల బొమ్మ గోడకు ఏలాడేది. నాది ఏం లేదు. సారు చేతుల ఉన్న మార్కుల నేను ఎప్పుడూ నడిమి వరుసనే.

2016 మార్చిల పది రాసిన. పరీక్ష సెంటర్ల నేనెవ్వరో, మా నాయిన ఏం పని చేస్తడో, మాకు ఏ పార్టీ అండున్నదో ఎవ్వరికి తెల్వదు. హాల్‌టికెట్ నంబరే. నా పేపరు వేరే జిల్లాల ఎవరో దిద్దిన్రు. 10కి 9.5 వచ్చింది. సర్కారు బడి పిల్లలకు బాసర ట్రిపుల్ ఐటీల 0.4 కలుపుతుండె. సీటొచ్చింది. ఇయ్యాల హైదరాబాద్‌ల ఉద్యోగం, చెల్లె నర్సింగ్ అయిపోయింది, నాయిన బొంబాయి పోక ఐదేండ్లు.

ఉన్నోల్ల పిల్లలకు పరీక్ష బరువే కావచ్చు. నాకు అదొక్కటే తలుపు. ప్రాజెక్టు మార్కులే ఉండుంటె నేను మా నాయినెంబడి తట్ట మోసేటోన్ని.

హాలియా_అమ్మ
చదువుతుంటె కండ్లల్ల నీళ్లొచ్చినయ్ తమ్మీ.

నల్లగొండ_నాన్న
@పాలమూరు_బిడ్డ నీ మాట తీసేసేటందుకు లేదు. నేను పది గురించి అడగలె గదా తమ్మీ. ఏడో తరగతి పిల్లకు ఏడాదిల నలభై పరీక్షలు ఏ తలుపు తీస్తయి? అదొక్కటి చెప్పు.

పాలమూరు_బిడ్డ
ఏ తలుపూ తియ్యవన్న. మాకు ఏడుల ఇన్ని పరీక్షలు లేకుండె. అది ఒప్పుకుంట.

లెక్కల_సార్
ఏ తలుపు తీస్తయో నేను చెప్త. అడ్మిషన్ల తలుపు.

నాగర్‌కర్నూల్ దిక్కు ప్రైవేటు బడిల లెక్కలు చెప్త, పదకొండేండ్లయింది. వారం పరీక్ష పిల్లల కోసం పుట్టలె. "మా బడిల వారం వారం టెస్ట్ ఉంటది" అని జూన్ల ఇంటింటికి తిరిగి చెప్పేటందుకు పుట్టింది. టెస్టులు ఎక్కువుంటె చదువు ఎక్కువున్నదని తల్లిదండ్రులు అనుకుంటరు. ఏప్రిల్ల సెంటర్ల ఫ్లెక్సీలు కట్టేటందుకు ర్యాంకులు కావాలె, ఫోటోలు కావాలె. మాకు కూడ ఎండకాలం అడ్మిషన్ల టార్గెట్ ఉంటది, రానోల్లకు జీతంల కోత.

నాకు ఆరు సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది. వారానికి 240 పేపర్లు. సోమవారం రాస్తె బుధవారం మాపటికల్ల మార్కులెక్కియ్యాలె. ఒక్కొక్క పేపరు మీద నిమిషంన్నర పెడుత. పిల్లగాడు భిన్నాల కూడికల హారాలు కూడా కూడిండనుకోన్రి, అంటె వానికి భిన్నమంటెనే ఏందో తెల్వదన్నట్టు. ఆ సంగతి నాకు పేపర్ల కనబడుతది. గుండు సున్న పెట్టి పక్క పేజీకి పోత. వానికి చెప్పేటందుకు పీరియడ్ లేదు. ఎందుకంటె గురువారం నుంచి వచ్చే సోమవారం టెస్టుకు సిలబస్ పరుగు. అదే పిల్లగాడు వచ్చే నెల అదే తప్పు మల్ల చేస్తడు, మల్ల సున్న పెడుత. ఎనిమిదిల బీజగణితం రాంగనే చేతులెత్తేస్తడు, అప్పుడు ఇంట్ల "నీకు లెక్కలు రావు" అంటరు. వానికి రాకపోవుడు కాదది. మేము ఆగి చెప్పకపోవుడు.

పరీక్షంటె నాకు ఇష్టమే. నిజం చెప్తున్న, మంచి ప్రశ్నపత్రం రాసుడంటె నాకు పండుగ. కాకపోతె రాసినంక పిల్లగానితోని ఆ పేపరు మీద మాట్లాడకపోతె అది పరీక్ష కాదు, పటేలు ముందట నిలబెట్టి లెక్క అడిగినట్టు.

మిర్యాలగూడ_వెంకన్న
సార్, మీ మాటతోని నా మాట నాకే తప్పనిపిస్తున్నది. నేనే పోయినేడు "టెస్టులు తక్కువ పెడుతున్నరు" అని ఒక బడి మార్పిచ్చిన.

పది_చదివే_పిల్ల
పెద్దోల్లందరు మాట్లాడుతున్నరు, మమ్మల్ని కూడ అడగండి. నకిరేకల్ దగ్గర, ఇప్పుడు పది.

మేము తొమ్మిదిల ఉన్నప్పుడు, 2024 నవంబర్ల, సర్కారోల్లు పదిల బడి సార్లేసే ఇంటర్నల్ 20 మార్కులు తీసేసినం, ఇగ 100 మార్కులకు పరీక్ష అన్నరు. ఒక్క రోజు గడవంగనే ఈ యేడు వద్దు, వచ్చే యేడు నుంచి అన్నరు. వచ్చే యేడంటె మా బ్యాచే. సరే 100 మార్కులకని ఎండకాలం నుంచే తయారైతుంటె, 2025 ఆగస్టుల మల్ల 80, 20 అట్లనే ఉంటదన్నరు. నాకు ఏదైనా ఇష్టమే. రోజుకొక మాట మారుస్తె మాత్రం రాత్రి నిద్ర పట్టదు.

ఇంకొకటి. ప్రశ్నపత్రమంటె నాకు భయం లేదు. ఇంటికెవరొచ్చినా "ఎన్నొస్తయ్ బిడ్డా?" అని అడుగుడంటె భయం. పాలు పోసే ఆయన కూడ అడుగుతడు. మా పెద్దమ్మ కొడుకుకు పోయినేడు 560 వచ్చినయ్, మా ఇంట్ల ఆ అంకె రోజుకొకసారి వినబడుతది. పొద్దున స్పెషల్ క్లాస్, సాయంత్రం స్పెషల్ క్లాస్, నడుమ నేను ఎవ్వరితోని ఏం మాట్లాడినా చదువే. మా అమ్మ నాతోని సినిమా గురించి మాట్లాడక ఎన్ని దినాలైందో.

కల్వకుర్తి_83
ఈ పిల్ల మాట చదివినంక నాది రాయాలనిపించింది.

1998ల పది. అప్పుడు 600 మార్కులు. రిజల్ట్ అంటె పేపర్ల నంబర్లు అచ్చేసేటోల్లు, బస్టాండ్ హోటల్ల ఒక్క పేపరు చుట్టు ఇరవై మంది. నా నంబరు ముందుది ఉన్నది, వెనకది ఉన్నది. నాది లేదు. హోటల్ల ఉన్నోల్లంత చూసిన్రు లేదని. అప్పుడు ఫెయిల్ అనేది ఊరందరు చదివే అక్షరం.

ఇంటికి పోలె. చెరువు కట్ట మీద కూసున్న. చీకటి పడ్డది. ఏమేమి ఆలోచనలొచ్చినయో ఈడ రాయను. రాత్రి పది గంటలకు మా నాయిన టార్చిలైటేసుకొని కట్టెంబడి వచ్చిండు. తిడుతడనుకున్న. "రేపు పెంట తోలాలె, బండి కట్టుడు నాకొక్కనికి కాదు, లే" అన్నడు. అంతే. దారి పొడుగునా పరీక్ష ముచ్చట తియ్యలె, ఏ చెల్క దున్నాలె, ఏ ఎద్దు కాలు నొస్తున్నది, అదే ముచ్చట. పదిహేను దినాలైనంక ఫీజు పైసలు చేతుల పెట్టి లెక్కలొక్కటి మల్ల రాసి రా అన్నడు. రాసిన. 41 వచ్చినయ్.

ఇప్పుడు మోటర్ వైండింగ్ దుకాణం. ఇద్దరు పిల్లలు. ఆ రాత్రి నాయిన రాకపోతె, వచ్చి కొట్టి ఉంటె, నేనీడ రాస్తుండేటోన్ని కాదు.

సూర్యాపేట_పిల్లల_డాక్టర్
@కల్వకుర్తి_83 గారూ, రాసినందుకు మంచిది. ఇలాంటివి తండ్రులు చదవాలి.

నల్లగొండ నాన్నగారికి ఒక మాట. ఆదివారం సాయంత్రం కడుపునొప్పి నాటకం కాదు. భయం వేసినప్పుడు పేగుల కదలిక నిజంగానే మారుతుంది, నొప్పి నిజంగానే వస్తుంది. స్కానింగ్‌లో కనబడదు, అంతే. "ఏం లేదు, డాక్టరే చెప్పిండు" అనకండి. అలా అంటే తన మాట ఎవరూ నమ్మరని పిల్ల అనుకుంటుంది. మా దగ్గరికి జనవరి నుంచి మార్చి దాకా ఇలాంటి నొప్పులతో, తలనొప్పులతో, తిరిగి పక్క తడుపుతున్నారని వచ్చే పిల్లలు ఎక్కువ. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోనివ్వండి. ఆదివారం సాయంత్రం పుస్తకం మూసేసి బయటికి తీసుకుపోండి. నొప్పి మధ్యరాత్రి నిద్ర లేపుతున్నా, బరువు తగ్గుతున్నా, వాంతులున్నా మాత్రం మళ్లీ చూపించండి, అది వేరే సంగతి.

గద్వాల_మగ్గం
పరీక్షలు తీసేస్తె ఎట్లుంటదో ఊహించుకునే పని లేదు. మన రాష్ట్రం ఒకసారి చూసింది. మా ఇంట్ల నేను చూసిన.

మా కొడుకు 2020 పది బ్యాచి. రెండు మూడు పేపర్లు రాసినంక కరోనా. మిగిలినయి రద్దు, ఇంటర్నల్ మార్కులతోనే అందరు పాస్. ఇంట్ల సంబరం. ఇంటర్ మొదటేడు ఫోన్ల పాఠాలు. మగ్గాలింట్ల ఇద్దరు పిల్లలకు ఒకటే ఫోను, ఎట్ల విన్నడో దేవునికెరుక. ముందు పరీక్ష లేదు, రెండో యేడుకు పోవచ్చన్నరు. తర్వాత 2021 అక్టోబర్ల మొదటేడు పరీక్ష పెట్టిన్రు. డిసెంబర్ల రిజల్ట్. సగం మంది కూడ పాస్ కాలె, 49 శాతమే. మా వోడు నాలుగు సబ్జెక్టులు పోయిండు. గొడవైనంక ఫెయిలైనోల్లందరికి 35 వేసి పాస్ చేసిన్రు. ఇటు 2021 పదోల్లకు కూడ పరీక్ష లేదు, 2 లక్షలకు పైగ పిల్లలకు 10కి 10. మా పక్కింటి పిల్లకు కూడ 10 వచ్చింది, ఆమె ఆ కాగితాన్ని ఎవ్వరికి చూపియ్యలె. "అందరికి వచ్చిందే గదా" అంటరని.

2022 మేల మా వోడు రెండో యేడు పరీక్షకు కూసున్నడు, పదిహేడేండ్లకు. మూడు గంటలు కూసొని రాసుడే అలవాటు లేదు. చేతులు వణికినయట. భయం పోతదని పరీక్ష తీస్తె భయం పోలె, రెండేండ్లు మిత్తి ఎక్కి వచ్చింది.

దేవరకొండ_టీచరమ్మ
@గద్వాల_మగ్గం మీరు చెప్పింది నిజమే. కాకపోతె ఆ రెండేండ్లు పరీక్ష ఒక్కటే పోలేదు, బడే పోయింది. పాఠం లేక రానిదాన్ని పరీక్ష లేక రాలేదని లెక్కేయొద్దు.

గద్వాల_మగ్గం
అది కూడ నిజమే టీచర్. రెండు కలిసి పోయినయ్. ఏది దేని పాపమో విడదీసుడు నాతోని కాదు.

మక్తల్_అన్న
మా దిక్కు కృష్ణ దాటితె రాయచూరు. అక్క కొడుకు అక్కడ ఎస్‌ఎస్‌ఎల్‌సీ (వాళ్ల పది) రాసిండు. కర్ణాటకల 2024ల పదికి, పీయూసీకి (వాళ్ల ఇంటర్) ఒక యేడుల మూడు పరీక్షలు పెట్టిన్రు. మొదటిది రాసినోడు తక్కువొచ్చినయనుకుంటె రెండోది రాసుకోవచ్చు, మూడోది రాసుకోవచ్చు అన్నరు. దేంట్ల ఎక్కువొస్తె అదే లెక్క. ఫెయిలైనోల్లకే కాదు, పాసైనోల్లకు కూడ. మొదటి దినం సైన్సు పేపరు చెడగొట్టుకొని ఇంటికొచ్చి "మామా, మల్ల రాస్త" అని బువ్వ తిన్నడు. మన దిక్కు పది పిల్లగాడు ఆ మాట అనగలడా? మనకు సప్లిమెంటరీ ఉన్నది గని అది ఫెయిలైనోల్లకు. అందరు దాన్ని శిక్ష లెక్కనే చూస్తరు. సీబీఎస్‌ఈ కూడ 2026 నుంచి పదికి రెండుసార్లు పెడుతున్నది. మనోల్లెందుకు పెట్టరు?

పాలమూరు_బిడ్డ
ఇది నాకు నచ్చింది. తలుపు అట్లనే ఉంటది, ఒకసారి తట్టితె తెర్సుకోకపోతె మల్ల తట్టొచ్చు.

లెక్కల_సార్
టీచర్ల లెక్క కూడ చూడాలె గద. మూడుసార్లు దిద్దాలె, మూడుసార్లు ఇన్విజిలేషన్. అయినా చెయ్యొచ్చు. రెండుసార్లు పెడితె మొదటి దినం పిల్లల ముఖాలు ఇట్ల ఉండయి. ఇన్విజిలేషన్ చేసినోనికి తెలుసు, పేపరిచ్చిన మొదటి ఐదు నిమిషాలు గది ఎట్లుంటదో.

ఉప్పల్ల_ఉంటున్న_నల్లగొండోన్ని
ఫిన్లాండ్‌ల పరీక్షలే లేవు. మనం ఎందుకు నేర్చుకోం?

దేవరకొండ_టీచరమ్మ
అక్కడ కూడ పై సెకండరీ (మన ఇంటర్ లెక్క) చివర్ల దేశమంతటికి ఒక పరీక్ష ఉంటది. దానికి ముందు దేశం మొత్తానికి ఒకటే పరీక్ష లేదు, టీచరే చూసుకుంటడు. దాని వెనక టీచరుకున్న తరిఫీదు, తీరిక చూడాలె. పోయినేడు దాక మా ఊరి ప్రాథమిక బడిల ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు. సింగపూర్ మాట కొంచెం దగ్గరగుంటది. మార్కుల పోటీకి పేరుపడ్డ దేశం అది. వాళ్లే 2023కల్ల అన్ని తరగతుల్లో అర్ధసంవత్సర పరీక్షలు తీసేసిన్రు. ఏడాది చివరిది ఉంచుకున్నరు. అంటె సంఖ్య తగ్గించిన్రు. నల్లగొండ నాన్నగారి గోస కూడ సంఖ్య గురించే అని నాకనిపిస్తున్నది.

మిర్యాలగూడ_వెంకన్న
సంఖ్య తగ్గిస్తె ఎంసెట్ (ఇంజినీరింగ్ సీట్ల పరీక్ష, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నరు) ఉన్నది గద. ఇంటర్ మార్కులకు 25 శాతం విలువుండె, 2023 నుంచి పూర్తిగ తీసేసిన్రు. ఇప్పుడు మూడు గంటలు, 160 ప్రశ్నలు, అదే రాత. ఒక దిక్కు బరువు దించితె ఇంకో దిక్కు ఎక్కుతది. నాలుగో తరగతి పిల్లలకే ఐదు గురుకులం సీటు కోసం కోచింగ్ పెట్టిస్తున్నరు మా మండలంల.

కల్వకుర్తి_83
గురుకులం మాట తియ్యకు వెంకన్న. 1971ల సర్వేలుల గురుకులం పెట్టినంకనే గదా మన దిక్కు పేదింటి పిల్లలు పెద్ద పెద్ద కొలువులు చూసింది. కోచింగ్ తప్పు, గురుకులం తప్పు కాదు.

మిర్యాలగూడ_వెంకన్న
గురుకులం తప్పనలె అన్న. తొమ్మిదేండ్ల పిల్లను పొద్దుగాల ఐదింటికి లేపి బిట్లు బట్టీ పట్టిచ్చుడు తప్పంటున్న.

హాలియా_అమ్మ
2019 ఇంటర్ రిజల్ట్ గుర్తున్నదా ఎవరికన్న? తప్పులతోని ఇచ్చిన్రు. బాగ చదివే పిల్లలకు కూడ ఫెయిలని వచ్చింది. 20 మందికి పైగ పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. తర్వాత ఫెయిలైనోల్లందరి పేపర్లు పైసల్లేకుండ మల్ల చూసిన్రు. చూసి ఏం లాభం. అప్పటి సంది ఏప్రిల్ వస్తుందంటె మా తమ్ముని ఇంట్ల రిజల్ట్ దినం ఒకలు సెలవు పెట్టి పిల్లతోనే ఉంటరు. ఆ పద్ధతి అందరు పెట్టుకోవాలె. మార్కులు ఎన్నొచ్చినా ఆ దినం పిల్లను ఒక్కతిని వదలొద్దు.

మోడరేటర్
ఈ మాట వచ్చింది కాబట్టి ఒక నంబరు ఇక్కడ పెడుతున్నం. టెలి మానస్ 14416, మనసు బాగలేనప్పుడు మాట్లాడేటందుకు సర్కారు పెట్టిన ఫోన్ లైన్. పగలు రాత్రి పలుకుతరు, పైసలు పడవు, తెలుగుల మాట్లాడొచ్చు. పిల్లలు చేయొచ్చు, తల్లిదండ్రులు కూడ చేయొచ్చు. @పది_చదివే_పిల్ల నువ్వు కూడ రాసి పెట్టుకో, నీ దోస్తులకు ఇయ్యి.

పది_చదివే_పిల్ల
రాసుకున్న. మా అమ్మకు ఈ మాటలన్ని చదివి వినిపిచ్చిన. కల్వకుర్తి అంకుల్‌ది మల్ల ఒకసారి చదవమన్నది.

నల్లగొండ_నాన్న
వారం అయింది, ఏం చేసిన్నో చెప్త.

మొదలు బిడ్డతోని మాట్లాడిన. డాక్టరమ్మ చెప్పినట్టు నొప్పి నిజమే అన్న. చాన సేపు ఏం మాట్లాడలె. తర్వాత చెప్పింది, నాలుగో బెంచిల కూసుంటె బోర్డు కనబడదట. కండ్లజోడు కావాలె ఆమెకు! వెనక్కి పోతె బోర్డు కనబడదు, కనబడకపోతె మార్కులు తగ్గుతయి, తగ్గితె ఇంకా వెనక్కి. ఇన్ని దినాలు అది చెప్పలె, చెప్తె "చదవనందుకు సాకు" అంటమని. రెండు కండ్లకు 1.5 వచ్చింది. బుధవారం జోడు తెచ్చిన.

తర్వాత వాట్సాప్‌ల తెలిసిన తల్లిదండ్రులకు ఫోన్ చేసిన. 26 మందికి చేస్తె 11 మంది వస్తమన్నరు, శనివారం 9 మంది వచ్చిన్రు. సెక్షన్ 17, 29 తెలుగుల రాసి ఒక కాగితం తీస్కపోయినం. గొడవ పెట్టుకోలె. బెంచీల మార్పు ఆపాలె, ర్యాంకు లిస్టు గ్రూపుల పెట్టొద్దు, వారం పరీక్ష రెండు వారాలకొకసారి చెయ్యాలె, రాసిన పేపరు మీద ఒక పీరియడ్ సార్లు మాట్లాడాలె. నాలుగే అడిగినం. ఆఖరుది లెక్కల సార్ మాట.

బెంచీలు సోమవారం నుంచి ఆపిన్రు. గ్రూపుల లిస్టు ఆపుతమన్నరు. ఎవరి మార్కులు వాళ్ల ఫోనుకే వస్తయి. వారం పరీక్ష మాత్రం యాజమాన్యం ఒప్పుకోలె. "మేము తగ్గిస్తె పక్క బడికి పోతరు" అన్నరు, మొఖం మీదనే. పేపరు మీద పీరియడ్ సంగతి వచ్చే యేడు చూస్తమన్నరు.

పదో పిల్ల రాసింది చదివి ఇంట్ల ఒక మాట పెట్టుకున్నం. ఆదివారం మాపటికి చదువు ముచ్చట లేదు. నిన్న పానగల్ చెరువు దిక్కు పోయొచ్చినం. రెండు మిర్చిబజ్జీలు తిన్నది. నొప్పి రాలేదని చెప్పను, వచ్చింది. పోయిన వారం కన్న తక్కువ సేపున్నది.

లెక్కల_సార్
కండ్లజోడు ముచ్చట చదివి నేను ఇయ్యాల నా ఆరు సెక్షన్లల్ల ఆఖరు బెంచిల పిల్లలతోని బోర్డు మీదున్నది చదివిపిచ్చిన. ఏడుగురు చదవలేకపోయిన్రు. ఇండ్లకు చెప్పి పంపిన.

హాలియా_అమ్మ
అన్న, ఆ కాగితం ఈడ పెట్టరా? మా బడికి కూడ తీస్కపోత. ఆడపడుచును కూడ రమ్మన్న, వస్తనన్నది.

నల్లగొండ_నాన్న
రేపు టైపు చేసి పెడుత అక్కా. బడి పేరు, తరగతి మీరు రాసుకోన్రి. ఇంకొకటి, ఒక్కలే పోకున్రి. కనీసం ఐదుగురు పోన్రి, ఇద్దరన్న తల్లులుండాలె. మా తోని వచ్చిన తొమ్మిది మందిల గట్టిగ మాట్లాడింది ఒక తల్లే, మిగిలిన మేమంత ఆమె వెనక నిలబడ్డం.

దేవరకొండ_టీచరమ్మ
కాగితంల సెక్షన్ 29ని ముందు పెట్టండి, 17ని తర్వాత. 17 ముందుంటె కేసు పెడుతున్నరనుకుని మాట వినరు. టైపు చేసినంక నాకు ఒకసారి చూపియ్యండి, తప్పులుంటె దిద్దుత.